పాదము క్రింది వాద్యము



తంబురకు జీవాళి కట్టుట మీలో అనేకులు చూచియే యుందురు. తీగెకును దానిని మోయు గుర్రమునకును నడుమ ఒక సన్నని నూలుపోగును చొప్పించి, గోటితో దానిని వెండ్రుకవాసి ముందునకు వెనుకకు జరుపుచు పోగా, అంతవరకు పొడిగా, కురచగా మ్రోగుచున్న తీగె ఒకానొక స్థానమున హఠాత్తుగా విచ్చుకొని, షడ్జములోనుండి గాంధారము, పంచమములోనుండి ఋషభము తమంత తామే తేలివచ్చుచున్నట్లు వినవచ్చును. ఆ నూలుపోగు తీగె కాదు, బుర్ర కాదు, మీటు వ్రేలు కాదు. స్వయముగా అది చేయు శబ్దమేమియు లేదు. అయినను అది లేని తంబుర తంబుర కాజాలదు. నేడు నేను ప్రసంగింపదలచినది సింథసైజరునకు వెలుపలినుండి తగిలించు ఎఫెక్టు పెడళ్ళను గూర్చి యైనను, ఈ జీవాళితో ప్రారంభించుటకు కారణము కలదు. పాదముతో నొక్కి పని చేయించు ఆ చిన్న లోహపు పెట్టెలను మన ప్రాంతపు కళాకారులు పైపై మెరుగులుగానో, ఖర్చుతో కూడిన ఆడంబరముగానో ఎంచుచున్నారు. నా అభిప్రాయమున అవి వాద్యములో భాగములే; ఇంకను చెప్పవలెనన్న, చెవియు చేయియు సాధన చేసి వాయింపవలసిన రెండవ వాద్యము.

చెన్నేకొత్తపల్లి చుట్టుపట్ల, ఇటు పెనుకొండ, హిందూపురముల వరకును అటు ధర్మవరము వరకును, సామాన్యజనులు సంగీతము వినుచున్న తావులేవి? శ్రీరామనవమి పందిళ్ళు, చెక్కభజనలు, పండరి భజనలు, పెండ్లి ముందునాటి రాత్రి జరుగు ఆర్కెస్ట్రాలు, కదిరి తిరునాళ్ళు, పెనుకొండలో బాబయ్య ఉరుసు. ఒకప్పుడు ఈ స్థలములన్నింటను శ్రుతికిని పాటకును ఆధారము హార్మోనియమే. ఆ పెట్టెను మన శాస్త్రజ్ఞులు ఎంతగా నిరసించినను, గమకము పలుకదను కారణముచేత ఆకాశవాణి 1940 మొదలు సుమారు మూడు దశాబ్దములపాటు దానిని తన ప్రసారములనుండి బహిష్కరించినను, హార్మోనియమునకు ఒక శ్వాస ఉండెడిది. వాయించువాని ఎడమచేయి తిత్తిని ఒత్తినంత గాలి లోనికి పోయి, ఆ గాలి ఇత్తడి రీడును కదలించి, ఆ కదలిక టేకు పెట్టె గోడలను తాకి బయటికి వచ్చెడిది. అలసిన చేయి అలసిన స్వరమును, ఉత్సాహము గల చేయి ఉత్సాహము గల స్వరమును ఇచ్చెడిది. నేడు ఆ స్థానమును కీబోర్డు ఆక్రమించినది. బరువు తక్కువ, ధ్వనులు వందలకొలది, శ్రుతి మార్చుట ఒక మీట పని. దీనిని నేను నిందింపను. కాని ఒక మాట గమనింపుడు: ఒకే నమూనా కీబోర్డును పది గ్రామముల బృందములు కొనినయెడల, పది గ్రామములలోను వేణువు ఒక్కటే వేణువు, వయొలిన్లు అవే వయొలిన్లు. జపానులో ఎవరో నిర్ణయించి నింపిన స్వరము యథాతథముగా మన పందిట్లో వెలువడుచున్నది. వాయించువాని గుణము దానికి అంటుటకు అవకాశము మిక్కిలి తక్కువ.

సింథసైజరు స్వభావమును కొంచెము తెలిసికొన్నచో ఈ లోటునకు మూలమెచ్చటనున్నదో బోధపడును. అందులో మొదట ఆసిలేటరు అను విద్యుద్వలయము క్రమము తప్పక కంపించును. ఆ కంపనమునుండి ఫిల్టరు కొన్ని అంశములను తొలగించి స్వరమునకు ఒక రంగు కల్పించును. ఆ స్వరము ఎంత వడిగా లేవవలెను, ఎంతసేపు నిలువవలెను, ఎట్లు సన్నగిల్లవలెను అనునది మరియొక వలయము నిర్ణయించును. ఇన్ని చేసి అది తుదకు వైరులోనికి పంపునది కేవలము వోల్టేజి యొక్క హెచ్చుతగ్గులు. వీణకు పనసకొయ్య కుండ యున్నది. నాదస్వరమునకు అనసు ఉన్నది. మద్దెలకు చర్మమును కొయ్యయు ఉన్నవి. పుట్టిన నాదము వెలుపలికి వచ్చుటకు ముందే వీని గోడల మధ్య తిరిగి, కొంత పోగొట్టుకొని, కొంత సంపాదించుకొని వచ్చును. సింథసైజరులో పుట్టిన స్వరము ఏ గోడనుగాని తాకలేదు, ఏ గాలినిగాని కదలింపలేదు. దానికి ఒడలు లేదు. ఆ ఒడలిని సమకూర్చు పనియే పెడలుది.

ఈ ఎఫెక్టులు గిటారువారి సొత్తనియు, కీబోర్డువారు వానిని ఎరువు తెచ్చుకొన్నారనియు సాధారణముగా అనుకొనుట కద్దు. చరిత్ర వేరుగా చెప్పుచున్నది. 1935 లో అమెరికాలో హేమండ్ విద్యుదార్గను వెలువడినప్పుడు, దాని ధ్వని చలనము లేక బిగుసుకొని యున్నదని డాన్ లెస్లీ అను నతనికి తోచెను. అతడు స్పీకరు శబ్దమును గుండ్రముగా తిరుగుచుండు కొమ్ముల గుండా వెలువరించు ఒక పెద్ద కొయ్య పెట్టెను నిర్మించి 1941 ప్రాంతమున అమ్మకమునకు తెచ్చెను. కొమ్ము వినువాని వైపు తిరుగునప్పుడు స్వరము ఇంచుక హెచ్చినట్లును, దూరముగా పోవునప్పుడు తగ్గినట్లును వినబడుటచేత, చలనము లేని ఆర్గనుకు ఊపిరి వచ్చినట్లయ్యెను. వాద్యమును చేసినవాడొకడు, దాని ధ్వనికి ప్రాణము పోసిన పెట్టెను చేసినవాడు వేరొకడు. మెట్లవాద్యమునకు వెలుపలినుండి ఎఫెక్టు తగిలించు సంప్రదాయము, గిటారుకు ఫజ్ పెడలు పుట్టిన 1962 కంటె రెండు దశాబ్దములు పెద్దది.

దానికి తరువాతి కథ రేడియో శ్రోతలకు ప్రత్యేకముగా చెప్పదగినది. షార్టువేవులో సిలోను కేంద్రమునుండి తెలుగు సినిమా పాటలు విన్న తరమువారికి ఒక అనుభవము జ్ఞాపకముండును: పాట సాగుచుండగా, కేంద్రము తప్పిపోకయే, స్వరము నీటిలో మునిగి తేలుచున్నట్లు మెలమెల్లగా పల్చనై, మరల చిక్కనై, గాయకుని కంఠము లోపలినుండి రంగులు మారుచున్నట్లు తోచెడిది. ఒకే ప్రసారము ఆకాశమున అయనమండలమునుండి పరావర్తనము చెంది భిన్నమార్గములలో మన రేడియోను చేరుటయు, ఆ తరంగములు ఒకదానికొకటి స్వల్పముగా ఆలస్యమై కలిసికొన్నప్పుడు కొన్ని పౌనఃపున్యములు పరస్పరము హరించుకొని పోవుటయు దీనికి కారణము. మనము దానిని ప్రసారదోషమని విసుగుకొనెడివారము. జపానులో ఫ్యూమియో మియెదా అను యువ ఇంజనీరు మాస్కోనుండి వచ్చు ప్రసారములలో ఇదే తరంగితధ్వనిని విని, విసుగుకొనక, ముగ్ధుడై, దానిని వలయములలో పునఃసృష్టింపబూనెను. తత్ఫలితముగా 1968 ప్రాంతమున వెలువడినదే యూనివైబ్ అను యంత్రము. దానిని విప్పి చూచినచో నడుమ ఒక చిన్న బల్బు, దాని చుట్టును వెలుతురును బట్టి నిరోధము మారు నాలుగు ఫొటోసెల్లులు ఉండును. బల్బు వెలిగి మలగుచుండ, నాలుగు వలయములు ఒక్కొక్కటి ఒక్కొక్క పౌనఃపున్యమువద్ద స్వరమును వెనుకకు లాగును. లాగబడిన స్వరము అసలు స్వరముతో కలియగానే ఆ మునుగుట తేలుట సంభవించును. 1969 లో ఉడ్‌స్టాక్ ఉత్సవమున జిమీ హెండ్రిక్స్ గిటారుతో వాయించి దీనిని లోకప్రసిద్ధము చేసెను. అయితే నాకు అంతకంటె ముఖ్యముగా తోచు విషయమేమనగా, ఈ మియెదాయే పిమ్మట కార్గ్ సంస్థవారి తొలి సింథసైజరులను, 1978 నాటి ప్రఖ్యాతమైన ఎంఎస్-20 ను కూడ రూపొందించెను. వెలుపలి ధ్వనులను లోనికి తీసికొని వాటిచేత ఫిల్టరును నడిపించుటకు ఆ ఎంఎస్-20 లో ప్రత్యేకముగా ఒక ద్వారము ఏర్పరుపబడినది. పెడలును సింథసైజరును ఒకే మేధలో ఒకదాని వెంట ఒకటి జన్మించినవి. వానిని మరల కలుపుటయందు అపచారమేమియు లేదు.

మన దేశమున సింథసైజరు చరిత్ర చాలమంది తలచునంత నూతనమైనది కాదు. రాబర్ట్ మోగ్ తన సింథసైజరును 1964 లో లోకమునకు చూపగా, అయిదేండ్లకే, 1969 లో, అహమ్మదాబాదునందలి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైనుకు ఒక మోగ్ యంత్రము వచ్చి చేరినది. అమెరికను సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దానిని నెలకొల్పెను. గీతా సారాభాయి మొదలగువారు దానిపై ప్రయోగములు చేసిరి. దానికి మునుపే, 1954 లో, 'నాగిన్' చిత్రమునకు పాములవాని నాగస్వరమును పలికించినది క్లేవియొలిన్ అను విద్యుద్వాద్యము. వాయించినవాడు అనంతరకాలమున సంగీతదర్శకుడైన కల్యాణ్‌జీ. ఆ నాదము ఇప్పటికిని మన ఊరేగింపుల బ్యాండుమేళములలో వర్ధిల్లుచున్నది. 1982 లో బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ రోలండ్ వారి జూపిటర్-8, టిబి-303, టిఆర్-808 యంత్రములను సమకూర్చి పది రాగములను డిస్కో లయలో రికార్డు చేసెను. తెలుగు చిత్రసీమలో రాజ్-కోటి ద్వయమువారి కాలమున కీబోర్డు సంగీతమునకు వెన్నెముక వంటిదయ్యెను. రాజ్ టి.వి. రాజు గారి కుమారుడు, కోటి సాలూరి రాజేశ్వరరావు గారి కుమారుడు. తీగెలతో, వేణువులతో మాధుర్యము పండించిన తండ్రుల కుమారులు విద్యుత్స్వరములను చేపట్టుట ఒక విశేషమైనచో, ఆ రోజులలో వారి వద్ద కీబోర్డు వాయించినవారిలో దిలీప్ అను యువకుడొకడుండుట, అతడే పిమ్మట ఎ.ఆర్. రహమాన్ అగుట మరియొక విశేషము.

ఆ తరమువారు వాడిన యంత్రములలో 1983 లో వచ్చిన యమహా డిఎక్స్-7 వంటి వానిలో అంతర్గతమైన ఎఫెక్టులు లేవు. స్వరము స్ఫటికమువలె స్వచ్ఛముగా, అంతే పొడిగా వెలువడెడిది. ప్రతిధ్వని, కోరస్ వగైరాలను స్టూడియోలోని వేరు యంత్రములే సమకూర్చెడివి. 1987 లో రోలండ్ డి-50, 1988 లో కార్గ్ ఎం-1 వచ్చిన పిమ్మట ఎఫెక్టులు వాద్యములోపలనే నిక్షిప్తములైనవి. నేడు భజన బృందములవారు కొను సాధారణ కీబోర్డులో సైతము రివర్బు, కోరస్ ఉన్నవి. అట్లయినచో వెలుపలి పెడలుతో పనియేమని మీరు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. లోపలి ఎఫెక్టు తెరమీది పట్టికలలో రెండు మూడు పుటల వెనుక దాగియుండును. పాట నడుచుచుండగా దానిని వెదకి మార్చుట అసాధ్యము కాకున్నను దుష్కరము. పెడలు యొక్క నాబులు చేతికి ఎదురుగా ఉన్నవి, స్విచ్చి పాదము క్రింద ఉన్నది. చరణమునకు ఒక తీరున, పల్లవికి ఒక తీరున, తాళము వదలకుండ మార్చవచ్చును. మార్చగలిగినదే వాయింపగలిగినది. పైగా, ఒక సంస్థవారి సింథసైజరునకు స్వరమును మునుగునట్లు తేలునట్లు చేయు ఫేజరును వేరొక సంస్థవారిదానిని, దానికి మరియొకరి ఎకోను తగిలించినప్పుడు ఏర్పడు సంయోగము మరియొక బృందమువద్ద యథాతథముగా ఉండుట అరుదు. ఫ్రాన్సు దేశమున జాన్-మిషెల్ జార్ 1976 లో వెలువరించిన 'ఆక్సిజెన్' లోని ఆ విశాలమైన తీగెల నాదము ఏ మహాయంత్రమునుండియో పుట్టలేదు. ఎమినెంట్ అను ఒక గృహోపయోగపు ఆర్గనును, గిటారువారికై చేసిన స్మాల్‌స్టోన్ అను ఫేజర్ పెడలు గుండా పంపుటచేత పుట్టినది.

మా ప్రాంతపు భజన బృందమునందు ఒక అబ్బాయి ఉన్నాడు. బెంగుళూరులో సెకండ్‌హ్యాండుగా కొనిన చిన్న అనలాగు సింథసైజరు ఒకటి అతనివద్ద ఉన్నది. రెండు స్థాయిల మెట్లే గలది, ఒకసారికి ఒక స్వరమే పలుకునది. దానిముందు నేలమీద ఒక చెక్కపలకకు బిగించిన రెండు పెడళ్ళు: ఒకటి ఫేజరు, ఒకటి డిలే. పాట ఆరంభమునకు మునుపు అతడు చేయు పని నేను దగ్గరనుండి చూచినాను. మొదట పెడళ్ళు రెండును ఆపి, మంద్రషడ్జమును పట్టి ఉంచును. అప్పుడది కందిరీగ రొదవలె ఒకే తీరున, ఎడతెగక, వినుటకు బాధ కలుగునట్లుండును. ఫిల్టరును సగము మూసి దాని పదును తగ్గించును. పిదప ఫేజరును నొక్కి, వేగపు నాబును అన్నింటికంటె తక్కువకు, ఒక్కొక్క ఆవర్తము పది క్షణములకు మించి పట్టునట్లు తిప్పును. అంతట ఆ స్వరములో ఏదో కదలుట మొదలగును. అనుస్వరములు ఒకదాని వెంట ఒకటి పైకి వచ్చి క్రిందికి పోవుచుండ, తంబురలో తీగెలు వంతులవారీగా విచ్చుకొనుచున్నట్లే ఉండును. దానిమీద మృదువుగా పంచమమును తాకి డిలేను నొక్కును. పంచమము రెండుమార్లు తిరిగివచ్చి అణగిపోవును. పందిట్లో మాటలాడుకొనుచున్న పెద్దలు అప్పటికి మాటలు ఆపివేయుదురు. పాట ఇంకను ఆరంభము కానేలేదు.

ఇంత చేయుటకు ముందు ఆ అబ్బాయి ఒక కష్టమును గడువవలసివచ్చినది, అది ఈ మార్గమున దిగువారందరికిని తప్పనిది. గిటారు పికప్పునుండి వచ్చు సంకేతము సామాన్యముగా వోల్టులో కొన్ని పదవవంతులు. సింథసైజరునుండి వచ్చునది దానికి అనేక రెట్లు బలమైనది. వోల్టు దాటుటయు, శిఖరములయందు అనేక వోల్టులకు చేరుటయు సాధారణమే. తొమ్మిది వోల్టుల విద్యుత్తుతో నడచు పెడలు గిటారు బలమునకు తగినట్లు నిర్మింపబడినందున, సింథసైజరు వాల్యూమును పూర్తిగా తెరచి తగిలించినయెడల తరంగముల తలలు తెగిపోయి, స్వరము చిట్లి, బరబరలాడును. పెడలు చెడిపోయినదని త్రిప్పి పంపినవారు కూడ కలరు. చేయవలసినది స్వల్పము: సింథసైజరు వాల్యూమును మూడింట ఒక వంతునకు తగ్గించి మొదలుపెట్టి, చిట్లుట వినబడువరకు మెల్లగా పెంచి, పిదప ఒకింత వెనుకకు రావలెను. కొన్ని పెడళ్ళకు గిటారు, కీబోర్డు అను రెండు స్థానముల స్విచ్చి ఉండును. దానిని మొదటనే చూచుకొనవలెను. సింథసైజరునకు ఎడమ కుడి రెండు ద్వారములున్నచో, ఒకే వైరు తగులు పెడలునకు మోనో అని వ్రాసియున్న ద్వారమునుండియే సంకేతమును తీయవలెను; లేనిచో సగము ధ్వని లోపలనే నిలిచిపోవును. స్వరమును కావలెననియే చిట్లించు గిటారువారి డిస్టార్షను పెడళ్ళు కొన్ని మంద్రస్వరములను హరించుననునది మరియొక చిక్కు. అప్పుడు మిక్సరులో ఒక దారిన శుద్ధస్వరమును, వేరొక దారిన పెడలు గుండా వచ్చిన స్వరమును కలుపుకొనుట ఉత్తమము. మన సౌండు సర్వీసువారి మిక్సరులలో ఆక్స్ అని వ్రాసిన నాబు ఈ ప్రయోజనమునకే కలదు. దానినుండి పెడలునకు, పెడలునుండి మరల వేరొక చానలునకు. ఆ తిరిగివచ్చిన చానలులో ఆక్స్ నాబును మాత్రము సున్నాకు తిప్పియుంచవలెను, లేకున్న ధ్వని తన వెంట తానే తిరిగి గగ్గోలు పుట్టించును.

డిలే పెడలును గూర్చి కొంత విస్తరించి చెప్పవలెనని నా కోరిక, ఏలయనగా మన సంగీతమునకు అది చేయు మేలును కీడును మరి యే పెడలును చేయజాలదు. పూర్వము ప్రతిధ్వనికై టేపును చక్రములపై తిప్పెడివారు. 1974 నాటి రోలండ్ స్పేస్ ఎకో అట్టిది. 1969 లో ఫిలిప్స్ సంస్థ పరిశోధకులు సాంగ్‌స్టర్, టీర్ అనువారు కనుగొన్న వలయముతో టేపు లేకయే ఆ పని సాధ్యమయ్యెను. బావివద్దనుండి మంట లేచిన ఇంటివరకు మనుష్యులు వరుసగా నిలిచి నీటి బొక్కెనలను చేతులు మార్చుకొనుచు అందించునట్లు, వేలకొలది సూక్ష్మమైన కెపాసిటరులు స్వరఖండములను ఒకదాని నుండి ఒకటి అందుకొనుచు పోవును. 4096 అంచెలు గల చిప్పునకు క్షణమునకు పదివేల తాళపు దెబ్బలు వేసినయెడల స్వరము సుమారు 200 మిల్లీసెకండ్లు ఆలస్యముగా వెలువడును. దెబ్బలు నెమ్మదించినకొలది ఆలస్యము పెరుగును, తారాంశములు తగ్గును. కనుకనే అనలాగు డిలేలో తిరిగివచ్చు ప్రతి ప్రతిధ్వనియు మునుపటికంటె మసకగా, మెత్తగా ఉండును. చెవికి హాయి గొలుపునది ఆ మసకయే.

ఆలస్యమును లయకు సరిపెట్టుటకు లెక్క సులువు. నిమిషమునకు నడచు దెబ్బల సంఖ్యతో అరువది వేలను భాగించినచో ఒక దెబ్బకు పట్టు మిల్లీసెకండ్లు వచ్చును. చెక్కభజన నిమిషమునకు 120 దెబ్బల నడకలో ఉన్నచో 500. నడక 90 అయినచో సుమారు 667. అయితే మన భజనలు గడియారమునకు లోబడి నడువవు; పల్లవి తిరిగినకొలది వేగము హెచ్చును, ఆ హెచ్చుటలోనే దాని పరవశము కలదు. అందుచేత పాదముతో తాళము తట్టి కాలమును నిర్ణయింపగల ట్యాప్ స్విచ్చి గల డిలేయే మనకు ఉపయుక్తము.

ఇక కీడు విషయము. పాశ్చాత్యుల పుస్తకములలో ఇది కానరాదు, వారికి దాని అవసరమును తక్కువ. రాగము నడుచుచుండగా గడచిన స్వరము ప్రతిధ్వనియై వచ్చి నడచుచున్న స్వరముతో కలియును గదా. మోహనరాగమున షడ్జము, చతుశ్శ్రుతి ఋషభము, అంతరగాంధారము, పంచమము, చతుశ్శ్రుతి ధైవతము. ఇందు ఏ రెండు స్వరముల నడుమను అర్ధస్వరపు ఎడము లేదు. కనుక మూడు నాలుగు ప్రతిధ్వనులు ఒకదానిమీద ఒకటి పడినను వినుటకు ఇంపుగనే ఉండును. అదే మాయామాళవగౌళలో షడ్జమునకు ప్రక్కనే శుద్ధఋషభము, గాంధారమునకు ప్రక్కనే శుద్ధమధ్యమము, పంచమమునకు ప్రక్కనే శుద్ధధైవతము, నిషాదమునకు ప్రక్కనే తారషడ్జము ఉన్నవి. వెనుకటి షడ్జము ఇంకను మ్రోగుచుండగా ఋషభము పలికినచో రెండును ఘర్షణపడి, శ్రుతి తప్పినదను భ్రాంతి కలుగును. పాడువాడు కూడ తడబడును. కావున అట్టి రాగములయందు ప్రతిధ్వని ఒక్కటికి మించరాదు, అదియు అసలు స్వరమునకు నాలుగవ వంతు బలముతో మాత్రమే. షడ్జపంచమములయందు నిలిచినప్పుడు పాదముతో డిలేను తెరచి, సంచారము ఆరంభింపగనే మూయు అలవాటు చేసికొనుట ఇంకను మేలు. డిస్టార్షనుకు సైతము ఇట్టి నియమమే కలదు. అది రెండు స్వరములను కలిపి వాయించినప్పుడు వాని కూడికలను, తీసివేతలను క్రొత్త స్వరములుగా పుట్టించును. షడ్జపంచమములకు పుట్టునవి చాలవరకు షడ్జములోనే లీనమగును, ఇతర స్వరద్వయములకు పుట్టునవి తరచుగా రాగమునకు అన్యములై బురద చేయును. ఈ వివేకము చేతికి వచ్చుటకు సాధన కావలెను. పెడలు వాద్యమని నేను పట్టుబట్టుట ఇందుకే.

విద్యుత్తు తగిలినంతనే సంప్రదాయము చెడునని వాదించువారి శంకను నేను తేలికగా త్రోసివేయను. వారు వినుచున్న చెడుగు నిజమైనదే. కాని పాలకొల్లులో 1969 లో జన్మించి 2014 లో అస్తమించిన మాండొలిన్ శ్రీనివాస్ ను స్మరింపుడు. ఆయన చేపట్టినది బోలు లేని గట్టికొయ్య విద్యున్మాండొలిను, తీగెలు అయిదు. స్వరము నిలుపుటకు, పెంచుటకు ఆంప్లిఫయరే దానికి ఒడలు. ఆ ఒడలిని తన ఒడలిగా చేసికొని, బాల్యమునుండియే గమకములను అందుపై పలికించి, కచేరీవేదికలయందలి పండితులచేత ఔననిపించెను. 1995 లో కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్ తో కలిసి 'డ్రీమ్' అను ఆల్బమును చేసినప్పుడు అదే మాండొలిన్ విద్యుత్ప్రయోగముల నడుమ వినబడినను రాగము చెక్కుచెదరలేదు. శ్రుతిశుద్ధి ముందు, యంత్రము వెనుక. ఆయన పాటించిన ఈ క్రమము మన యువకులు పాటించినచో భయపడవలసినది లేదు.

మన యూళ్ళ పరిస్థితులను బట్టి రెండు జాగ్రత్తలు చెప్పవలసియున్నది. తిరునాళ్ళలో విద్యుత్తు జనరేటరునుండి వచ్చును. ఎర్తు సరిగా ఉండదు. సింథసైజరు ఒక చోటునుండి, మిక్సరు వేరొక చోటునుండి విద్యుత్తు తీసికొన్నచో యాభై సైకిళ్ళ హమ్ము స్వరముతోపాటు పందిరియంతయు నిండును. అన్నింటిని ఒకే బోర్డుకు తగిలించి, పెడలునకు మిక్సరునకు నడుమ డిఐ బాక్సు ఒకటి ఉంచినచో చాలవరకు శమించును. హమ్ము పోవుటకై ఎర్తు పిన్నును విరిచివేయుట మాత్రము ఎన్నటికిని తగదు, అది ప్రాణాపాయము. ఇక అడాప్టరులు. పెడళ్ళకు సాధారణముగా తొమ్మిది వోల్టులు, నడుమ పిన్ను ఋణధ్రువము; కీబోర్డు అడాప్టరులలో పన్నెండు వోల్టులవి, నడుమ పిన్ను ధనధ్రువమైనవి ఉన్నవి. రెండింటి ప్లగ్గులు చూచుటకు ఒక్క తీరుగనే ఉండును. చీకటిలో ఒకటికి బదులు ఒకటి తగిలించినచో పెడలు దగ్ధమగును. ప్రతి అడాప్టరు మెడకు రంగుటేపు చుట్టి గుర్తు పెట్టుకొనుడు. మన ఎర్రనేలల దుమ్ము జాక్కులలోను నాబులలోను చేరి కరకరలాడునట్లు చేయును గనుక, పని ముగియగనే పెడళ్ళను గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టవలెను.

కొనదలచినవారు మొట్టమొదట ఏది కొనవలెనని తరచుగా అడుగుదురు. డిలే కొనుడని నా సలహా. రెండవది ఫేజరుగాని కోరస్‌గాని. వరుసలో డిస్టార్షను సింథసైజరునకు దగ్గరగాను, చలనము కల్పించు ఫేజరు, కోరస్ దాని తరువాతను, డిలే పిమ్మటను, రివర్బు అన్నింటికి తుదను ఉండుట సాధారణక్రమము. రివర్బును తుదను ఉంచుటకు కారణము అది స్థలమునకు ప్రతినిధి యగుటయే. స్వరము పూర్తిగా రూపొందిన పిమ్మటనే గదా స్థలములోనికి ప్రవేశించును. ఈ రివర్బు విషయమున మనవారు చేయునది నాకు మిక్కిలి బాధ కలిగించును. లేపాక్షివంటి దేవాలయముల రాతిమండపములలో శిలాస్తంభములే నాదమును తమలో తాము అందుకొని త్రిప్పి ఇచ్చుచుండగా, దానిమీద రివర్బు నాబును సగము వరకు తిప్పి, ఆ పైని మిక్సరు ఎకోను కూడ కలిపి, పాటలోని మాటలు ఒక్కటియు తెలియకుండ చేయుదురు. రాతిమండపమున రివర్బును పూర్తిగా ఆపవలెను, డిలే సైతము షడ్జము నిలుపుటకు మాత్రమే. పొలములలో, బయలు మైదానములలో, షామియానాల క్రింద ఆ నాదమును తిరిగి ఇచ్చు గోడలు లేవు. అచ్చట రివర్బును ఒకటిన్నర క్షణముల నిడివికి పెట్టి, బలమును నాలుగవ వంతున నిలిపి, వాయించువాడు తన చోటు విడిచి పందిరి చివరి వరుసవరకు నడచిపోయి ఒకసారి విని రావలెను. అచ్చట కూర్చున్న ముసలమ్మకు పాట మాటలు తెలియుచున్నచో నాబు సరియైన స్థానమున ఉన్నట్లు. తెలియనిచో ఇంకను తగ్గింపవలెను.